గుండుసూదుల గచ్చు

వన్‌టౌన్‌లో మా షిప్పింగాఫీసు మూసేసిన రోజు
పట్నాయక్ గారు స్టోర్‌రూమ్ తాళం తీసి
"మూడు నెలల జీతం ఇందులోనే ఉంది, ఏరుకోండి" అన్నారు.
ఫ్యాన్లు ముందెళ్లిపోయాయి.
కుర్చీలు కాళ్లున్నవి కదా, నడిచిపోయాయి.
డిస్పాచ్ గుమాస్తాని,
ఆఖరి ఉత్తరం డబ్బాలో వేసొచ్చేసరికి
నాకు మిగిలినవి
జెమ్ క్లిప్పులు, గుండుసూదులు, తొంభై డజన్ల పెన్సిళ్లు,
ఒక గోనెసంచీడు రబ్బరు స్టాంపులు.

రెండు ఆటోల జీతం కంచరపాలెం కొండెక్కింది.
"వీటితో పులుసు పెట్టమంటావేటి?" అంది తవిటమ్మ.

మా ఇంటి గచ్చు పెచ్చులూడి మూడేళ్లు.
చంటిది పాకితే మోకాళ్లనిండా ఇసకే.
పోర్టు బొగ్గు దుమ్ము ఆ గుంటల్లో చేరి
ఎన్నిసార్లు తుడిచినా మళ్లీ అమావాస్యే.

ఫిషింగ్ హార్బర్‌లో పడవల చిల్లులు పూడ్చే ఎల్లాజీని అడిగాను.
తల గోక్కున్నాడు.
"సముద్రాన్ని ఆపే జిగురు, నీ పెన్సిళ్లని ఆపదా?"

పెన్సిళ్లని రంపంతో బిళ్లలు కోశాం.
ఆరు పలకల బిళ్ల, నడుమ నల్లటి చుక్క,
వంటింట్లో తేనెపట్టు పరుచుకుంది.
మంచం కింద కార్బన్ కాగితాల చీకటి,
దాని మీద క్లిప్పులు, ఒకదాని వెనక ఒకటి, ఎదురీదే నెత్తళ్లు.
పంచింగ్ మిషను రాల్చిన తెల్ల చుక్కలు గుప్పిట పట్టి
తవిటమ్మే ముగ్గేసింది,
పులుసు మాట మర్చిపోయి.
గుమ్మంలో 'అందినది' స్టాంపు.
పొయ్యి ముందు 'అతి జరూరు'.
దేవుడి మూల ఏది పెట్టాలో తేలక
'అసలు ప్రతి' పెట్టాం.

జిగురు ఆరడానికి నాలుగు రాత్రులు.
డాబా మీద పడుకుని ఓడల కూతలు లెక్కపెట్టాం.
ఉప్పుగాలి ఊరుకుందా,
ఆరేలోపే క్లిప్పుల్లో సగానికి కాస్త కాస్త తుప్పు పూసింది.
చేపలకి రంగొచ్చిందంది మా పెద్దది.
దానికి కొత్త చిక్కు:
స్టాంపుల మీద అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి కదా,
నేల చూసి నేర్చుకుని
బడిలో పలక మీద 'అ' అటువైపు తిప్పి రాసింది.
పంతులమ్మ కబురెట్టింది. నేనెళ్లలేదు.

గచ్చు చూడ్డానికి లీలావతి మేడమొచ్చింది, మా అకౌంటెంటు.
గది మధ్య టక్కున ఆగింది.
కళ్లజోడు తుడుచుకుని వంగింది.
క్లిప్పుల గుంపులో ఒక చేపకి పళ్లున్నాయి.
చిల్లర పెట్టె తాళంచెవి.
పదకొండేళ్ల కిందట పోయింది.
ఆ వారమే ప్యూను బంగారయ్యని
"రేపట్నుంచి రావక్కర్లేదు" అన్నారు.
ఆ ఉత్తరం డిస్పాచ్ చేసింది నేనే,
నెంబరు కూడా గుర్తుంది.

"ఉలి పెట్టి తీసెయ్యనా?" అన్నాడు ఎల్లాజీ.
మేడం వద్దంది.
"ఉన్నచోటే ఉండనీ, ఆయన్ని తీసుకొస్తాను."

ఆదివారం బంగారయ్య వచ్చాడు.
చెప్పులు చేత్తో పట్టుకుని
'అందినది' మీద చాలాసేపు నిలబడ్డాడు.
ఇరవై రెండేళ్లు గుమ్మం పక్కన స్టూలే తప్ప
గదిలో కూర్చున్న అలవాటు లేదు మనిషికి.
తాళంచెవి చూపించాం.
చూశాడు.
"ఓసి నీ" అన్నాడు దానితో, ఏదో పిల్లిని తిట్టినట్టు.

పట్నాయక్ గారి బల్ల మీది బెల్లు కూడా ఉందక్కడ,
జిగురులో పీకల్దాకా మునిగి, పైన మీట ఒక్కటే తేలి.
బొటనవేలితో నొక్కాడు.
మోగలేదు.
మళ్లీ నొక్కాడు.
తవిటమ్మ టీ తెచ్చేసరికి
కండువా తలకింద పెట్టుకుని
ఆఫీసంతటి మీదా నిలువునా చాచుకుని
నిద్రపోతున్నాడు.
చంటిది ఆయన పొట్ట ఎక్కి దిగి
ఇసక అంటని మోకాళ్లతో
చేపల వైపు పాకింది.